సిరి ఆపరేషన్ ఆపకు

చిట్టితల్లికి, పెద్దనాన్న ఆశీస్సులు.

సిరిని డాగ్ షోలో దించుతున్నావనీ, అందుకోసం దానికి పిల్లలు పుట్టకుండా చేయించాల్సిన ఆపరేషన్ వాయిదా వేశావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదటి మాటకి పొంగిపోయాను. రెండో మాటతో రాత్రి నిద్ర పట్టలేదు.

గోళ్ళు కత్తిరించు. పక్కన కుదురుగా నడవడం, జడ్జి పళ్ళు చూస్తుంటే కదలకుండా నిలబడడం నేర్పు. ఇవన్నీ నీకు తెలిసినవే.

గౌరి సంగతే నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. మేం అమెరికా వచ్చిన కొత్తలో పెంచుకున్న నల్ల లాబ్రడార్. ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) ఛాంపియన్ కావాలంటే 15 పాయింట్లు రావాలి, దానికి 13 వచ్చాయి. పిల్లల్ని పెట్టించే ఉద్దేశం మాకు లేదు. ఆపరేషన్ చేయించమని డాక్టరు రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. చేయిస్తే ఆ పోటీకి పనికిరాదు కదా, ఆ రెండు పాయింట్లూ రానీ అన్నాను. ఆరో ఏట, ఎద తగ్గిన నెలకి, గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఎండలు కదా అనుకున్నాను. తిండి మానేసింది. పెద్దమ్మ ఆసుపత్రికి వెళ్దామంటే సోమవారం చూద్దామన్నాను. ఆదివారం తెల్లారేసరికి లేవలేకపోయింది. గర్భసంచి నిండా చీము, పయోమెట్రా అన్నారు. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. సాయంత్రానికి పోయింది. చివరిదాకా నా చెయ్యి నాకుతూనే ఉంది తల్లీ.

సిరికి పిల్లలు వద్దన్నప్పుడు ఎవరికోసం ఆగుతున్నావు? బుద్ధుండక్కర్లా?

జాతిని నిలబెట్టే కుక్కల్ని ఎంచడానికే ఈ షోలు పెట్టామని ఏకేసీ అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆపరేషన్ అయినంత మాత్రాన తల తీరు, ఎముకల పొందిక, స్వభావం ఎక్కడికి పోతాయి? ఆపరేషన్ అయిన కుక్కలకీ ఒక విభాగం ఉండాలనే నేనంటాను. యునైటెడ్ కెన్నెల్ క్లబ్‌లో, అదే యూకేసీలో ఉంది, ఆల్టర్డ్ క్లాస్ అంటారు. అందులోనూ ఛాంపియన్ టైటిల్ వస్తుంది. పైగా అక్కడ డబ్బు తీసుకుని ఇతరుల కుక్కల్ని షోలో నడిపించే హ్యాండ్లర్లను రానివ్వరు, నీలాంటివాళ్ళకి అదే మేలు. ఏకేసీయే కావాలంటే ఒబీడియన్స్ (చెప్పిన మాట వినడం), ఎజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తడం) పోటీలకి ఆపరేషన్ అడ్డు కాదు.

లాబ్రడార్లకి ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమనే డాక్టర్లూ ఉన్నారు. సిరికి ఏ వయసులో మంచిదో మీ డాక్టర్ని అడుగు. షో క్యాలెండర్ చూసి మాత్రం నిర్ణయించకు. ఎదకొచ్చిన తేదీలు రాసిపెట్టు. నీళ్ళు ఎక్కువ తాగుతోందనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరు.

ఆపరేషన్ తేదీ చెబితే ముందురోజే వచ్చేస్తాను. పది, పదిహేను రోజులు కుట్లు నాక్కోకుండా, గెంతకుండా చూసుకోవాలి. నీకు ఆఫీసుంటుంది, దాని పక్కన నేను కూర్చుంటాను.

మీ పెద్దనాన్న