గళ్ల నుడికట్టులో (క్రాస్‌వర్డ్‌లో) సేనలూ, కొలతలూ ఎలా గుర్తుంటాయి?

'సేనలో భాగం (3)', 'ఒక కొలత (2)' లాంటి ఆధారాలు (బ్రాకెట్లో ఉన్నది జవాబులోని అక్షరాల సంఖ్య) రాగానే ఆగిపోతున్నానని, వీటిని గుర్తుపెట్టుకునే దారి చెప్పమని అడిగారు. చాలా ఏళ్లుగా గళ్లు నింపుతున్న అలవాటుతో చెబుతున్నాను.

సేనల సంగతి తేలిక. పాతకాలపు సేనా విభాగాలు చిన్నదాని నుంచి పెద్దదానికి ఇవీ: పత్తి, సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, అక్షౌహిణి. ఈ వరస నోటికి వస్తే చాలు. పత్తి అంటే ఒక రథం, ఒక ఏనుగు, 3 గుర్రాలు, 5 మంది కాల్బలం. అక్కడి నుంచి ప్రతి మెట్టూ మూడు రెట్లు, చివరి అక్షౌహిణి మాత్రం అనీకినికి పది రెట్లు. అందుకే అక్షౌహిణిలో రథాలు 21,870. లెక్క కంటే గళ్లకు పనికొచ్చేది ఇంకోటుంది: పత్తి, గుల్మం, గణం రెండక్షరాలు, వాహిని, పృతన, చమువు మూడు, మిగతా మూడూ నాలుగు. కాబట్టి అడ్డంగా దాటే మాట నుంచి ఒక్క అక్షరం దొరికితే దాదాపు తేలిపోతుంది. చమువుని 'చమూ' అని రెండు గళ్లలో ఇరికించేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో ఏమీ చేయలేం!

కూర్పరులకు, అంటే గళ్లు తయారుచేసేవాళ్లకు, ఈ మాటలంటే ఇష్టం ఎందుకంటే చాలావాటికి రెండో అర్థం ఉంది. గుల్మం పొద, వాహిని నది, గణం ఛందస్సులోనూ ఉంది. 'వత్తి చేసుకునే సేన' అంటే పత్తే.

కొలతలకు ఇంత చక్కని వరస లేదు, పైగా చాలావరకు రెండక్షరాలే. నేను ఏం కొలుస్తారో దాన్నిబట్టి విడగొట్టుకున్నాను. పొడవుకి జాన, మూర, బార: రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. గింజలకు గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బరువుకి తులం, పలం, వీశె, మణుగు. ఆధారంలో 'ధాన్యం', 'పూలు', 'బంగారం' లాంటి మాట ఉందేమో ముందు వెతకండి. 'నీళ్ల మీద తేలే కొలత' అంటే పుట్టి, 'చెరువు గట్టున కొలత' అంటే తూము.

ఆధారంలో 'వెనుదిరిగిన' అని ఉంటే మాటను తిరగేసి రాయాలి, అప్పుడు మూర, సోల 'రమూ', 'లసో' అని పడతాయి. అర్థం లేదని చెరిపేయకండి. పటాలం, బ్రిగేడ్ లాంటి కొత్తకాలపు మాటలు నాకు తక్కువే తగిలాయి. 'బ్రిగేడ్' వస్తే చివరి పొల్లుకి కూడా ఒక గడి వదలండి.