శిక్షణకు వెళ్లే ముందు, వచ్చిన తర్వాత

చిరంజీవి చిట్టితల్లికి,

పిన్ని ఆశీస్సులు.

టీచర్లకు ఇచ్చే రెండు శిక్షణల వివరాలు పంపి, ఏది ఎంచుకోమంటావు పిన్నీ అని అడిగావు. ఒకటి ఒక్క పూట ఉపన్యాసం, సర్టిఫికెట్ ఆ రోజే చేతికొస్తుంది. రెండోది సెలవుల్లో ఐదు రోజులు, ఆ తర్వాత బడి నడుస్తుండగా నెలకోసారి మళ్లీ కూడటం. రెండోదానికే వెళ్లు తల్లీ. సెలవులు పోతాయని నీకు బెంగగా ఉంటుంది, తెలుసు. అయినా వెళ్లు.

టీచర్ల శిక్షణ మీద జరిగిన 1300 పైచిలుకు అధ్యయనాలను పోగేసి 2007లో అమెరికాలో జల్లెడ పట్టారు. నమ్మదగ్గ పద్ధతిలో చేసినవని పరీక్షకు నిలబడినవి 9. వాటిలో 14 గంటలో అంతకన్నా తక్కువో శిక్షణ ఇచ్చిన చోట పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక్క పూటలో మనకు హుషారు వస్తుందేమో గానీ చేతికి అలవాటు రాదు.

అలాగని రోజుల లెక్క ఒక్కటే చూడకు. ఐదు రోజులూ స్లైడ్లు చూపించి పంపేసే శిక్షణలూ ఉన్నాయి. పేరు ఇచ్చే ముందు నిర్వాహకుల్ని అడుగు: కృత్యాలు మేము చేస్తామా, మీరు చేసి చూపిస్తారా? నేను చెప్పే తరగతికి, నా సబ్జెక్టుకి సంబంధించినవేనా? ఐదో తరగతికి లెక్కలు చెప్పే నీకు, అన్ని సబ్జెక్టులకూ కలిపి చెప్పే బోధనా మెళకువలు అంతగా పనికిరావు.

వెళ్లాక అక్కడ టీచరులా కూర్చోకు, ఐదో తరగతి పిల్లలా కూర్చో. అది చెప్పినంత తేలిక కాదు. నేను వెళ్లిన ఒక భిన్నాల శిక్షణలో ఒకటీ ముప్పావును అరతో భాగించమన్నారు. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించి, మూడున్నర అని అందరం నిమిషంలో చెప్పేశాం. అప్పుడు తలా రెండు కాగితం పట్టీలు, కత్తెర ఇచ్చి, ఇదే జవాబు గుణించకుండా పట్టీలతో చూపించమన్నారు. ఒక పట్టీ నిండుగా ఉంచాం. రెండోదాన్ని నాలుగు సమభాగాలుగా మడిచి ఒక పావు తీసేశాం. ఉన్నదాన్ని అర పట్టీలుగా కత్తిరిస్తే మూడు వచ్చాయి, చివర ఒక పావు ముక్క మిగిలింది. మూడు అరలు, ఒక పావు. మరి మూడుంపావు కావాలి కదా? నోటితో చెప్పింది మూడున్నర, బల్ల మీద కనబడుతున్నది మూడుంపావు. కత్తిరింపులో తేడా వచ్చిందేమోనని నా పక్కనావిడ ముక్కల్ని మళ్లీ కొలిచింది. నేనూ కొలిచాను.

మాకు నేర్పుతున్నాయన జవాబు చెప్పలేదు. మా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ ముక్క దేంట్లో పావు?" అని అడిగి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న పట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. అది నిండు పట్టీలో పావు. మనం కొలుస్తున్నదేమో అర పట్టీతో. అర పట్టీలో అది సగం. అందుకే మూడున్నర!

అంతకుముందు ఏళ్ల తరబడి ఆ లెక్క చెప్పాను నేను. బొమ్మ గీసి మూడుంపావు అని రాసిన పిల్లవాడి నోటుబుక్కులో ఎర్ర సిరాతో కొట్టేశాను. వాడు ఎక్కడ ఆగిపోయాడో నాకు ఆ రోజు తెలిసింది.

అందుకని రోజూ సాయంత్రం, నువ్వు ఎక్కడ ఆగిపోయావో, ఏ ప్రశ్న నిన్ను కదిలించిందో పుస్తకంలో రాసుకో. ప్రశ్నల్ని వాళ్లు అడిగిన మాటల్లోనే రాసుకో. చార్టుల ఫొటోలు ఎన్ని తీసుకున్నా, రేపు నీ తరగతిలో పిల్లవాడు తెల్లమొహం వేసినప్పుడు అక్కరకొచ్చేవి ఈ ప్రశ్నలే.

వచ్చిన వారంలోపే ఒక తరగతిలో ఒక్క కృత్యం చెయ్యి. నేర్చుకున్నదంతా ఒకేసారి దించాలని చూడకు. ముందు రోజు ఇంట్లో నీ చేతులతో ఒకసారి చేసి చూసుకో.

మొదటిసారి సరిగ్గా రాకపోవచ్చు. టార్చి బల్బు, ఒక సెల్లు, ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించమనే కృత్యం నేను నేర్చుకొచ్చి తరగతిలో పెట్టాను. పక్క జట్టువి కూడా లాక్కుని ఒక జట్టు మూడు సెల్లులు వరసగా కలిపేసింది. బల్బు మాడిపోయింది. అది చూసి మిగతావాళ్లూ అదే చేశారు. గంట కొట్టేశారు, నేను చెప్పాలనుకున్నది ఒక్కటీ చెప్పలేదు. ఆ సామాన్ల పెట్టె బీరువాలో పెట్టేసి ఏడాదిదాకా తియ్యలేదు. ఆ ఏడాది పిల్లలకు ఆ పాఠం మళ్లీ బోర్డు మీద బొమ్మగానే వెళ్లింది. అది నాకు ఇప్పటికీ బాధే.

మరుసటి ఏడు అదే కృత్యం మళ్లీ పెడుతూ, సాటి టీచరు ఒకామెను వెనక కూర్చోమని అడిగాను. పాఠం అయ్యాక ఆమె చెప్పింది: మూలన ఉన్న జట్టు వైరును బల్బు అడుగు బొడిపెకే తాకిస్తూ ఉందట, పక్కనున్న లోహపు అంచు జోలికే పోలేదట. బల్బుకు రెండు చోట్ల కలపాలన్నదే వాళ్లకు తట్టలేదు. బోర్డు దగ్గర నిలబడి అది నేనెలా చూస్తాను?

జపాన్‌లో దీన్నే పద్ధతిగా చేస్తారు. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేసుకుంటారు, ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు. జుగ్యో కెన్‌క్యూ అంటారు. జాయిస్, షవర్స్ అనే ఇద్దరు అమెరికా విద్యా పరిశోధకులు 1980ల మొదట్లోనే రాశారు, శిక్షణలో నేర్చింది తరగతిలో నిలవాలంటే పక్కనుండి చూసి చెప్పే మనిషి కావాలని. నీకు నెలకోసారి కూడటం ఉంది కాబట్టి, వట్టి చేతులతో వెళ్లకుండా పిల్లల నోటుబుక్కులు నాలుగు పట్టుకెళ్లు. తప్పులున్నవే పట్టుకెళ్లు.

పిల్లల చేత చేయించి నేర్పే ఈ పద్ధతి మీద నమ్మకం కుదరట్లేదు అన్నావు. ముందే కుదరాలని లేదమ్మా. గస్కీ అనే విద్యా పరిశోధకుడు 1986లో రాసిన మాట నా అనుభవానికి సరిగ్గా సరిపోయింది: టీచరు ముందు పద్ధతి మార్చి, పిల్లల్లో తేడా కళ్లారా చూశాకే నమ్మకం మారుతుందని. కాబట్టి నమ్మకం సంగతి పక్కనపెట్టి ఒక నెల చేసి చూడు.

పట్టీల పాఠం చెప్పిన రోజు నాకు ఉత్తరం రాయి. మిగిలిన ఆ ముక్కను నీ పిల్లలు ఏమన్నారో, వాళ్ల మాటల్లోనే రాయి.

నీ పిన్ని