పెట్టెలు అమ్ముడవుతున్నాయి, నా బాకీ మాత్రం తీరలేదు

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర ఊరు. ఇంట్లోనే కంప్యూటర్ మీద డిజైన్లు చేసి ఇస్తుంటాను. పూతరేకుల వ్యాపారం చేసే ఒకాయన నాకు వరసకు బాబాయి అవుతారు. ఆయనకు ఒక లోగో, నాలుగు పెట్టెల లేబుళ్లు 15 వేలకు చేసేలా మాట్లాడుకున్నాం. 5 వేలు అడ్వాన్సు ఇచ్చారు. కాగితం రాసుకోలేదు, అంతా ఫోనులో, వాట్సాప్‌లోనే. పెట్టెలు అచ్చయి అమ్ముడవుతున్నా ఇంకా మార్పులు అడుగుతూనే ఉన్నారు. రాత్రి పదకొండింటికి ఫోను చేసి పండగ బ్యానర్లు కూడా అందులోనే చేసిపెట్టమంటున్నారు. అవి చేసి, అసలు ఫైళ్లు ఇస్తేనే మిగతా 10 వేలు ఇస్తారట. మరో పూతరేకుల దుకాణానికి పని చేయకూడదని కూడా అంటున్నారు. కాదనే హక్కు నాకుందా?

జవాబు: ఉందమ్మా. కాగితం లేదన్న బెంగ ముందు వదిలేయండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. ఎకరానికి ఎన్ని బస్తాల కౌలో నోటిమాట మీదే తేల్చుకునే ప్రాంతం మనది. చిక్కల్లా ఆ మాటలో ఏముందో రుజువు చేయడంలోనే వస్తుంది. ‘నాలుగు లేబుళ్లు, 15 వేలు’ అని వాట్సాప్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. అడ్వాన్సు జమైన వివరం, ఆయన ‘బాగుంది, అచ్చుకు ఇచ్చేశాను’ అన్న సందేశం, వాయిస్ మెసేజ్‌లు ఏవీ చెరిపేయవద్దు. ఫోను మార్చినా పాతది దాచండి. ఇవి కోర్టులో దాఖలు చేయాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఇంకో పని కూడా చేయండి: ఆ దుకాణంలో ఒక పెట్టె కొని, తేదీ ఉన్న బిల్లు తీసుకుని భద్రపరచండి. మీ పనిని ఆయన వాడుకుంటున్నారనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనితో మరొకరు లాభం పొందితే పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ‘ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా’ అన్నచోటే మీకు ప్రమాదం పొంచి ఉంది. మొహమాటానికి పోయి, డబ్బు మాట ఎత్తకుండా చేసిచ్చిన ప్రతి మార్పునూ రేపు ఆయన ‘అది కూడా ఆ 15 వేలలోదే’ అని చూపిస్తారు. చేనుకు గట్టు ఎక్కడుందో చెప్పాల్సింది మీరే, అదీ పని మొదలుపెట్టకముందే. ఈ రోజే ఇలా రాసి పంపండి:

‘బాబాయి గారూ, మనం అనుకున్న లోగో, నాలుగు లేబుళ్లు పూర్తయి అచ్చయ్యాయండి. మిగతా 10 వేలు ఈ నెలాఖరులోగా పంపగలరు. బ్యానర్లు వేరే పని. ఒక్కోదానికి ఇంత అవుతుంది. మీరు సరేనని రాస్తే మొదలుపెడతాను. పని విషయాలు పగలు పది నుంచి ఆరు లోపు మాట్లాడదామండి.’

ఇందులో మర్యాదకు లోటేమీ లేదు. బంధుత్వం చెడుతుందని భయపడి ఇన్నాళ్లూ నోరు మెదపలేదని మీ ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. నిజానికి చెప్పకుండా లోపల దాచుకున్న కోపమే చుట్టరికాలను ఎక్కువగా చెడగొడుతుంది. ఆయన రాత్రి ఫోను చేస్తే ఎత్తనక్కర్లేదు. మీరు ఆయన జీతగాళ్లు కారు, మీ వేళలు నిర్ణయించే అధికారం ఆయనకు లేదు.

జీతగాళ్లు కారు కాబట్టే ఫైళ్ల సంగతీ తేలిపోతుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మీరు గీసిన లోగోకు తొలి హక్కుదారు మీరే. ఆ హక్కు ఆయనకు దక్కాలంటే 19వ సెక్షన్ చెప్పినట్టు మీరు సంతకం చేసిన కాగితం ఉండాలి. (పెళ్లి ఫోటోలు తీసేవారు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారికే హక్కు.) బాకీ మొత్తం చేతికందాక సంతకం పెట్టి ఫైళ్లు ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. ఇక వేరే దుకాణానికి పని చేయకూడదన్న ఆంక్ష చెల్లదు. వృత్తిని అడ్డుకునే ఒప్పందం రాసుకున్నా కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దాన్ని సాధారణంగా ఒప్పుకోదు. ఇదే డిజైన్‌ను మాత్రం మరొకరికి అమ్మకండి.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. అప్పుడు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద, గడువు రాసుకున్నా కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. అయితే రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పనికి ఈ లాభం రాదని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పాత బాకీకి దాన్ని నమ్ముకోవద్దు.

సందేశానికి జవాబు రాకపోతే లాయరు నోటీసు ఇప్పించండి. చెల్లింపు తేదీ అనుకోలేదు కనుక, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. కోపంలో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆయన పేరు పెట్టి రాయకండి, పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. 10 వేల కోసం దావాకన్నా ముందు లోక్ అదాలత్‌కు వెళ్లమంటాను. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ పెట్టె, బిల్లు వెంట తీసుకెళ్లండి.