బత్తాయి పచ్చగా ఉందని గ్రూపులో ఫొటో పడ్డ రోజు

"ఇన్‌స్టాలో పేజీ పెట్టి ఆరు నెలలైంది. ఫాలోవర్లు పెరుగుతున్నారు, అమ్మకాలు మాత్రం లేవు. చిన్న వ్యాపారానికి సోషల్ మీడియా నిజంగా పనికొస్తుందా?" అని అడిగారు.

పనికొస్తుంది. మాకు ఇల్లు గడుస్తున్నదే దాని మీద. కానీ ఫాలోవర్ల లెక్క చూడడం ఈ రోజుతోనే మానేయండి.

మాది నల్గొండ దగ్గర కనగల్ మండలం. నాలుగెకరాల బత్తాయి తోట. 2020 లాక్‌డౌన్‌లో సరిగ్గా కత్తెర కాయ (ఎండాకాలం మొదట్లో వచ్చే పంట) కోతకొచ్చిన టైముకు ఢిల్లీ లారీలు ఆగిపోయాయి. ఎల్బీనగర్‌లో ఉండే మా చిన్నమ్మ వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో "మా అక్క వాళ్ళ తోట కాయలు, ఎవరికైనా కావాలా?" అని ఒక్క ముక్క రాసింది. సాయంత్రానికి నలభై ఇళ్ళు తేలాయి. పాసు తీసుకుని, ట్రాలీ ఆటోలో నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వెళ్ళి ఇచ్చొచ్చాం. ఆ నలభై ఇళ్ళే ఇప్పుడు మూడు వందల పైచిలుకు ఇళ్ళ వాట్సాప్ గ్రూపు.

అసలు చెప్పాలనుకున్నది 2022 సెప్టెంబర్ సంగతి. సీజన్ కాయ (వానాకాలం చివర్లో వచ్చే పంట) పంపిన మర్నాడు ఒక మేడం గ్రూపులో ఫొటో పెట్టారు. "పచ్చికాయలు తెంపి అంటగడుతున్నారు. డబ్బులు దండగ" అని కింద రాశారు. పావుగంటలో పదకొండు మంది తమ ఆర్డరు వద్దన్నారు. నాకు చేతులు వణికాయి. ఆమెకు జవాబుగా ఇంత పొడుగు మెసేజ్ రాశాను. మా కష్టమేంటో మీకేం తెలుసు, బోరు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్ళు పోసి చెట్లు బతికించాం, ఇట్లాంటివన్నీ. పంపబోతుంటే నాయిన చూసి, "రాసుడెందుకురా, కోసి చూపెట్టరాదూ?" అన్నాడు.

పొద్దు గూకుతోంది. మా వదిన ఫోన్ పట్టుకుంది. చెట్టు మీది కాయ ఒకటి, మర్నాటికి సర్దిన ట్రేలోది ఒకటి తీసి నాయిన కొడవలితో రెండు ముక్కలు చేశాడు. పిండితే రసం మోచేతి దాకా కారింది. నేను పక్కన నిలబడి విషయం చెప్పాను. బత్తాయి తోలు పసుపు తిరగాలంటే రాత్రిళ్ళు చలి పడాలి. సెప్టెంబర్‌లో మన దగ్గర అంత చలి ఎక్కడిది? లోపల కాయ పండినా పైన పచ్చగానే ఉంటుంది. రంగు చూడకండి, చేతిలో పెట్టుకుని బరువు చూడండి. బరువున్న కాయలో రసం ఉన్నట్టే.

ఇంకో మాట కూడా దాచలేదు. ఆమెకు పోయిన సంచిలో కొన్ని నిజంగానే ముదరని కాయలు. కోతకొచ్చినవాళ్ళు చివరి వరస లేత చెట్లవి కూడా కలిపి తెంపారు, మేం సరిగా ఏరలేదు. ఆ తప్పు మాదేనని అదే వీడియోలో చెప్పి, ఆమె డబ్బులు ఫోన్‌పేలో వాపసు వేశాం. ఆమె డబ్బు తీసుకుని గ్రూపులోంచి వెళ్ళిపోయారు, మళ్ళీ కొనలేదు. కానీ వద్దన్న పదకొండు మందిలో తొమ్మిది మంది ఆ రాత్రే మళ్ళీ పంపమన్నారు. ఆ వీడియో ఎవరెవరో తమ కాలనీ గ్రూపుల్లో పెట్టుకున్నారు. తర్వాతి వారం కొత్తగా వచ్చిన ఇళ్ళు ఆ వీడియో చూసి వచ్చినవే.

అందుకే గ్రూపులో అడ్మిన్ ఒక్కడే మాట్లాడేట్టు తాళం వేసే వ్యాపారులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొన్నవాళ్ళ నోరు మూస్తే వాళ్ళు తిట్టడం ఆపరు. మీకు కనబడని చోట తిడతారు, అంతే. అక్కడ మీరు కాయ కోసి చూపించలేరు కదా. తెరిచి పెడితే గుడ్ మార్నింగ్ పూలు, పార్టీల గొడవలు వచ్చి పడతాయి, నిజమే. రోజూ పొద్దున లేచి వాటిని తుడిచేయడం కూడా పనిలో భాగమనుకోవాలి.

ఫాలోవర్ల సంగతికొస్తే, నిరుడు రీల్స్ చేసే ఒకతను ఎనిమిది వేలు తీసుకుని తోటలో పాట పెట్టి తిరిగాడు. రెండు లక్షల మంది చూశారు. "సూపర్ బ్రో" అని వందల కామెంట్లు. ఆర్డర్లు నాలుగొచ్చాయి, వాటిలో ఒకటి దుబాయ్ నుంచి! మా ట్రాలీ ఆటో పోగలిగే దూరంలో ఉన్నవాళ్ళు ఎంతమంది చూశారో ఆ అంకెలో ఉండదు. ఆ ఎనిమిది వేలకు రెండు వందల కిలోల కాయ ఊరికే పంచినా నయమయ్యేది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే ఒకటి గుర్తుపెట్టుకోండి. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. మేం మొదటి సంచిలోనే నంబరు చీటీ వేసి, ఇచ్చేటప్పుడే "సేవ్ చేసుకోండక్కా" అని అడుగుతాం.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుదలగా చెబుతున్నానంటే, మార్కెట్లో మేం పడ్డది మాకు తెలుసు. టన్నుకు క్వింటా దాకా సూట్ కింద, అంటే తరుగు పేరు చెప్పి, తీసేసేవాళ్ళు. మా చేతి కష్టంలో పదో వంతు అది. ఎందుకని అడిగితే కాయ మీద మంగు ఉందనేవాళ్ళు. మంగు అంటే నల్లి గీకడం వల్ల తోలు మీద పడే గోధుమ రంగు మచ్చ. లోపల రసానికి ఏమీ కాదు. అది వ్యాపారికీ తెలుసు. తినేవాళ్ళు మమ్మల్ని చూడరు, మేం వాళ్ళను చూడం, మధ్యలో ఆయన చెప్పిందే ధర.

ఈ కత్తెరకు మంగు బాగా పడింది. కాయలన్నీ ట్రేలో పోసి, మచ్చలు కనబడేటట్టు ఎండలో ఫొటో తీసి, కిలోకు పది రూపాయలు తగ్గించి గ్రూపులో పెట్టాను. మూడు గంటల్లో అయిపోయాయి. హయత్‌నగర్‌లో ఉండే ఒకామె, "ఇక నుంచి మాకు జ్యూస్‌కు మంగు కాయే పంపు తమ్ముడూ" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నాయిన దాన్ని రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు.