గొర్రెలకు టీకా వేసినచోట గడ్డలు ఎందుకు కడుతున్నాయి?

చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి గొర్రెలు హఠాత్తుగా చనిపోయే జబ్బు) టీకా వేసిన వారానికి కొన్ని గొర్రెలకు మెడ మీద గడ్డలు లేచాయని, టీకాలోనే లోపం ఉందా అని మీరు అడిగారు. మహబూబ్‌నగర్ వైపు చాలా ఏళ్లుగా డెక్కనీ జాతి గొర్రెల మందను పెంచుతూ, పశువైద్యుల దగ్గర నేర్చుకుని సూది వేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. కొన్ని టీకాల్లో కలిపే అల్యూమినియం లవణం వల్ల సూది వేసినచోట నొప్పి లేని చిన్న ముద్ద ఏర్పడి, కొన్ని వారాల్లో కరిగిపోవడం సహజమే. చీము పట్టే గడ్డకు మాత్రం చాలాసార్లు మురికి సూదో, తడి బొచ్చో కారణమవుతుంది.

ఈ టీకాను చర్మం కింద వేయాలి. గొర్రెను పడవేయకుండా ఒకరు మోకాళ్ల మధ్య నిలిపి, గదవ కింద చేయి పెట్టి పట్టుకోవాలి. ముందుకాలి మోచేయి వెనుక, బొచ్చు లేనిచోట పలుచని చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి, ఆ మడత మొదట్లో ఒంటికి సమాంతరంగా సూది దించాలి. మొన చర్మం దాటగానే చేతికి అడ్డు తగ్గినట్టు తెలుస్తుంది. అప్పుడు సూది అటూ ఇటూ సులువుగా కదలాలి, బిగుసుకుంటే కండలోకి దిగినట్టే. మొన మడతకు అవతల బయటపడితే మందంతా బొచ్చు పాలవుతుంది కాబట్టి, వేసిన ప్రతిసారీ ఆ చోటు తడిమి తడి ఉందేమో చూస్తాను. అర అంగుళం సూది దీనికి సరిపోతుంది. తొడ కండలో వేస్తే నరం దెబ్బతిని గొర్రె కుంటే ప్రమాదం ఉంది.

సీసాలోంచి మందు తీయడానికి ఒక సూదిని ప్రత్యేకంగా ఉంచి, గొర్రెకు గుచ్చిన సూదిని మళ్లీ సీసాలో పెట్టకూడదు. గుచ్చే సూదిని పది గొర్రెలకొకసారైనా మార్చాలి, వాన తడి ఆరని మందకు ఆ రోజు వేయకపోవడమే మంచిది. పీపీఆర్ (గొర్రెలు, మేకలకు వచ్చే ఒక వైరస్ అంటురోగం) టీకా విషయంలో మరో జాగ్రత్త అవసరం: అందులో ఉండేది బతికున్న వైరస్ కనుక సిరంజిని స్పిరిట్‌తో కడిగితే అది చచ్చిపోతుంది, నీళ్లలో మరిగించి, చల్లార్చి వాడాలి, కలిపిన మందును ఐసు మీదే ఉంచి త్వరగా ముగించాలి.

ఇప్పుడున్న గడ్డలు వేడిగా ఉన్నా, పెరుగుతున్నా దొడ్డిలో పిండకండి. మెడ మీద, దవడ కింద లేచే గడ్డల్లో అంటురోగపు చీము కూడా ఉండవచ్చు, అది నేల మీద పడితే మిగతా మందకు సోకుతుంది. ఆ గొర్రెలను వేరుగా కట్టి పశువైద్యునికి చూపించండి.