ఎక్కడో ఊరు కాలిపోయిందని ఏడవడం తప్పా?

"మేడమ్, మాది విజయనగరం. నా వయసు 62. మా వారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. 2019 జూన్‌లో ఎడ్మంటన్‌లో ఉంటున్న మా అబ్బాయి మమ్మల్ని కెనడా కొండల్లోని జాస్పర్‌కి తీసుకెళ్లాడు. అక్కడున్న మూడు రోజులూ నా జీవితంలోకెల్లా మంచి రోజులు. 2021 మేలో కరోనాతో మా వారు పోయారు. విమానాలు ఆపేయడంతో అబ్బాయి రాలేకపోయాడు. 2024 జూలైలో కార్చిచ్చు వచ్చి జాస్పర్ కాలిపోయింది, మేం దిగిన లాడ్జితో సహా. ఆయన పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది, ఇంకా ఆగలేదు. రాత్రిళ్లు ఫోన్‌లో ఆ మంటల వీడియోలే చూస్తుంటాను. 'ఎక్కడో కెనడాలో ఊరు కాలితే నీకేంటి వదినా, వింటే జనం నవ్వుతారు' అంటుంది బొబ్బిలిలో ఉండే మా ఆడపడుచు. అబ్బాయేమో ఈ వేసవికి మళ్లీ అక్కడికే వెళ్దామంటున్నాడు. నాకు వెళ్లాలని లేదు. ఇదేమైనా జబ్బా?"

అమ్మా,

జబ్బు కాదు. దిగులు. రావలసినప్పుడు రానివ్వలేదు కాబట్టి ఇప్పుడు ఇంత జోరుగా వస్తోంది.

2021 మే ఎలా గడిచిందో మన జిల్లాల్లో అందరికీ తెలుసు. మనిషి పోతే మోయడానికి నలుగురు దొరకలేదు. పదో రోజుకి ఇంటి నిండా చుట్టాలు చేరి, పోయినాయన గురించి తలా ఒక మాట తలుచుకుని ఏడవడం అనేది లేకుండా పోయింది. ఆ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పట్టుకుని ఒక్కరే తిరిగానని రాశారు. అందులో ఏడుపుకి టైమెక్కడిది? మూడేళ్లకి జాస్పర్ కాలింది. మీరు ముగ్గురూ కలిసి ఉన్న ఆఖరి చోటు అది.

అయినా "నువ్వు ఏడుస్తున్నది ఊరి కోసం కాదు, మీ ఆయన కోసం" అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి. ఊరి కోసమూ ఏడవచ్చు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా కొబ్బరితోట చాలావరకు నేలకొరిగింది. గాలి తగ్గాక మా నాన్న వెళ్లి పడిన ఒక్కో చెట్టు మీద చెయ్యి పెట్టి, అది ఏ సంవత్సరం పాతిందో చెప్పుకుంటూ తోటంతా తిరిగారు. కొన్ని నెలలపాటు తోటవైపు కిటికీ తెరవనివ్వలేదు. చెట్లకి ఏడుస్తావేంటని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎందుకంటే ఉద్దానంలో ప్రతి ఇంట్లోనూ అదే ఏడుపు. మీకు ఆ తోడు లేదమ్మా. జాస్పర్ చూసినవాళ్లు మీ వీధిలో ఇంకెవరూ ఉండరు.

మీ ఉత్తరంలో రెండో పేజీని నేను రెండుసార్లు చదివాను. సాయంత్రం జాస్పర్ రైల్వే స్టేషన్ ఎదురుగా బెంచీ, పొద్దున్న కొడుకింట్లో కలిపి స్టీలు డబ్బాలో తెచ్చిన పులిహోర. ఇంతలో గూడ్సు బండి. మీ వారు చేతిలో ముద్ద అలాగే పెట్టుకుని లేచి నిలబడ్డారు. "మన గూడ్సుకి యాభై ఎనిమిది వ్యాగన్లుంటాయి, దీనికెన్నో చూద్దాం" అని పైకే లెక్కపెట్టారు. నూట నలభై దాటాక అబ్బాయి ఫోటో కోసం పిలిచాడు. లెక్క తప్పింది. దానికి ఆయన రాత్రి దాకా చిన్నపిల్లాడిలా అలిగి కూర్చున్నారు.

ఆ ఊరి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ వీడియోల వల్ల మీరు ఊరు మొత్తం బూడిదైందనుకుంటున్నారు. అక్కడ 1,113 కట్టడాలుంటే 358 కాలిపోయాయి. అది చిన్న నష్టం కాదు, వందల కుటుంబాలకి గూడు పోయింది. కానీ ఆసుపత్రి నిలిచింది, బడులు నిలిచాయి, స్టేషన్ నిలిచింది. జూలై 22 రాత్రి ఊరు ఖాళీ చేయమని చెబితే, వచ్చిన టూరిస్టులతో కలిపి దాదాపు పాతికవేల మంది క్షేమంగా బయటపడ్డారు. మంటలు ఊళ్లోకి వచ్చింది 24 సాయంత్రం. అంత చల్లటి చోట పచ్చటి అడవి ఎలా కాలిందని అడిగారు. అది పైకి పచ్చగా కనిపించిన అడవి. పైన్ చెట్లను పురుగు తొలిచేసి, చాలా చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. ఎండలు ముదిరిన రోజుల్లో పిడుగులు పడ్డాయి, గాలి తోడైంది. ఆ పైన్ చెట్లకి ఒక గుణం ఉంది. చాలా కాయలు జిగురుతో మూసుకుపోయి ఉంటాయి, మంట సెగ తగిలితేనే విచ్చుకుని గింజ రాలుస్తాయి. కాలిన నేలలో మళ్లీ మొలకలొస్తాయి. దానివల్ల మీ లాడ్జి తిరిగి రాదు, ఆ మాట నాకూ తెలుసు. కానీ మీరు రోజూ రాత్రి చూసేది ఆ ఒక్క సాయంత్రాన్నే. ఆ ఊరికి తర్వాత కూడా రోజులు గడిచాయి. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ హాల్లోనే వదిలేసి పడుకోండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇక అబ్బాయి. మీకు మీ వారు ఇంట్లో ప్రతి గదిలోనూ కనిపిస్తారు. ఆయన కుర్చీ ఉంది, గొడుగు ఉంది. తండ్రిని కడసారి చూసుకోలేకపోయిన ఆ పిల్లాడికి అక్కడ ఏముంది? కారులో నాలుగైదు గంటలు వెళ్తే ఆ బెంచీ ఉన్న ఊరు. మళ్లీ అక్కడికే అంటున్నది షికారు కోసం కాదేమో. ఎందుకు వెళ్దామంటున్నావు నాన్నా అని ఒకసారి అడిగి చూడండి, తర్వాత ఎంతసేపైనా చెప్పనివ్వండి. వెళ్లాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట. వెళ్తే కాలిన వీధుల వైపు మొదటిరోజే పోవద్దు, స్టేషన్ దగ్గర కూర్చోండి. ఈ ఏడాది మనసు ఒప్పకపోతే మానేయండి, తప్పేం లేదు.

తిండి సయించకపోయినా, నిద్ర ఇలాగే పాడవుతున్నా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ సాయం లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

మీ ఆడపడుచు మాట మీకు ముల్లులా గుచ్చుకుంది. నిజమే, అనకూడని మాట. కానీ ఆవిడకి పోయింది అన్న. ఆయన చివరి ఆనందం ఏడు సముద్రాల అవతల జరిగింది, అందులో ఆవిడకి ఒక్క ఫోటో కూడా అందలేదు. ఈ ఆదివారం ఆవిడని ఇంటికి పిలవండి. పులిహోర కలపండి. అన్న కెనడాలో వ్యాగన్లు లెక్కపెట్టి లెక్క తప్పి అలిగిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.