ముల్లు 2,500 దగ్గరుంటే బండి అమ్మేయాలా?

అంబాజీపేట నుంచి ఒక కొబ్బరి వ్యాపారి రాశారు: "నాది 2012 స్కార్పియో, డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను, ఎక్కువగా రావులపాలెం దగ్గర హైవే ఎక్కి విజయవాడ వైపే. వంద స్పీడులో టాప్ గేరులో ఉన్నా ఆర్‌పీఎం ముల్లు 2,500 చూపిస్తోంది, మైలేజీ 11 దాటట్లేదు. మా బావమరిది ఆరు గేర్ల కొత్త బండిలో అదే స్పీడుకి 1,900 కూడా ఉండట్లేదు. ఇంజిన్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. దీన్ని 3 లక్షలకు ఇచ్చేసి, 15 లక్షలు లోను పెట్టి కొత్తది కొంటే మిగిలే డీజిల్ ఈఎంఐకి కలిసొస్తుందా?"

కలిసి రాదండి. ఆ మాట ముందే చెప్పేసి ముల్లు సంగతికి, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందన్న సంగతికి, తర్వాత వస్తాను.

లెక్క తేలిగ్గా ఉండటానికి డీజిల్ లీటరు 100 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, 11 మైలేజీ అంటే సుమారు 1,09,000 రూపాయలు బంకులో పోస్తున్నారు. కొత్త బండి 16 ఇస్తుందనే పెట్టుకుందాం, అప్పుడు 75,000. మిగిలేది ఏడాదికి 34,000, అంటే నెలకు 2,800 చిల్లర. ఇప్పుడు 15 లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు వేసి చూడండి, ఈఎంఐ దాదాపు 24,500. అందులో మొదటి నెల వడ్డీ ఒక్కటే 11,875. మీరు మిగిల్చిన డీజిల్ ఆ వడ్డీలో పావు వంతుకు కూడా రాదు, అసలు మాట దేవుడెరుగు. ఏడేళ్లకు కట్టే వడ్డీ ఐదున్నర లక్షలు దాటుతుంది, కొత్త బండికి ఫుల్ ఇన్సూరెన్స్ వేరే. పైగా మీది కొబ్బరి వ్యాపారం. కాయ ధర పడిపోయిన నెలలో కూడా ఈఎంఐ ఐదో తారీఖుకే వచ్చి కూర్చుంటుంది.

ఇక ముల్లు. ఐదు గేర్ల పాత డీజిల్ ఎస్‌యూవీల్లో వంద స్పీడుకి 2,500 చుట్టుపక్కల ఉండటం మామూలే, కొన్నింటిలో 2,800 దాకా కూడా పోతుంది. మాన్యువల్ బండిలో టాప్ గేరు అంటే ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య పళ్ల లెక్కే కాబట్టి, వందకు 2,500 అయితే 80కి 2,000 చూపించాలి. అలా చూపిస్తోందంటే గేర్‌బాక్సూ క్లచ్చూ వాటి పని అవి చేస్తున్నట్టే. మీ బావమరిదికి ఆరో గేరు ఉంది కాబట్టి ముల్లు కిందికి ఉంటుంది, అంతకు మించి అందులో మాయేమీ లేదు. మీ బండిలో ఉన్నది 2.2 ఎంహాక్ ఇంజిన్ అయితే దాని పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, 1,800 నుంచి 2,800 మధ్యలోనే దొరుకుతుంది, అంటే మీ 2,500 సరిగ్గా దానికి హాయిగా ఉండే చోటే.

మరి డీజిల్ ఎక్కడికి పోతోంది? గాలికి. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి ఆపే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, స్కార్పియో చూస్తే బీరువాను నిలబెట్టి తోస్తున్నట్టుంటుంది, పైన క్యారియర్ కూడా బిగించి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నా పాత బండికి నేనే ఈ లెక్క కట్టుకున్నాను, 80–85లో 14 వచ్చేది, వందలో 11. మీకూ అంతే అనుకుంటే 120 కిలోమీటర్ల దూరానికి వందలో 72 నిమిషాలు, 80లో 90 నిమిషాలు. ఆ 18 నిమిషాల ఖరీదు దాదాపు 234 రూపాయల డీజిల్. సిద్ధాంతం బ్రిడ్జి దాకా పరుగో పరుగున వచ్చి, తణుకు దగ్గర టీకి ఆగి అరగంట కబుర్లు చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణే, అందుకే చెబుతున్నా.

ఇది చదివి కొందరు ఉల్టా చేస్తారు. ముల్లు ఎంత కింద ఉంటే అంత మిగులు అనుకుని, అంబాజీపేట–అమలాపురం రోడ్డు మీద 45లో కూడా ఐదో గేరు వేసి ఈడుస్తారు. 1,100 దగ్గర ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో అందుకోదు, బండి గుడగుడలాడుతుంది, మీరు ఇంకా తొక్కుతారు, డీజిల్ మసిగా పోతుంది. కాలవ గట్ల రోడ్ల మీద మూడు, నాలుగు గేర్లు చాలు.

యానాంలో డీజిల్ చవక కదా అని దానికోసమే ముప్పై కిలోమీటర్లు వెళ్లొచ్చేవాళ్లున్నారు. కాకినాడ పని మీద వెళ్తే దారిలో కొట్టించుకోండి, పనిగట్టుకుని వెళ్తే మిగిలింది రానుపోను ఖర్చుకే సరిపోతుంది.

అనుమానం తీరాలంటే రెండు పరీక్షలు చేయండి. ఖాళీ రోడ్డు చూసి, టాప్ గేరులో 70 దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి. ముల్లు ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం, అది నిజమైన ఖర్చు. రెండోది, హైవే దిగి బండి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకండి, కాలుతుంది. ముందు రెండింటిలో ఒకటి బాగా సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉంది, మన ఉప్పు గాలికి బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టడం కొత్త కాదు. టైర్లు పెద్ద సైజువి వేయించి ఉంటే మాత్రం మీ 11 కూడా నిజం కాదు, ఓడోమీటరు తక్కువ చూపిస్తుంది కాబట్టి అసలు మైలేజీ ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

డబ్బు మాటకొస్తే, నెలకు 24,500 కట్టగలనన్న ధైర్యం మీకుంది కదా. అందులో 4,000 బండి రిపేర్లకని వేరే ఖాతాలో వేయండి, 12,000 ఆర్‌డీ కట్టండి. మూడేళ్లకు అసలే 4,32,000, వడ్డీ అదనం. అప్పుడు కొన్నా లోను చాలా తగ్గుతుంది. 2027లో బండికి 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేసుకోవాలి, ఐదేళ్లకు ఇస్తారు. ఆ లోపు ఛాసిస్ కింద తుప్పు ఎంతుందో ఒక మంచి షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి చూపించండి. ఛాసిస్ తినేసినా, ఇంజిన్ ఓవర్‌హాలింగ్ లక్షన్నర దాటుతుందన్నా అమ్మేయండి, నేను అడ్డు చెప్పను. మీ మోడల్లో ఎయిర్‌బ్యాగులు లేకపోయి, పిల్లలతో రాత్రిళ్లు హైవే ఎక్కాల్సి వస్తే అదీ న్యాయమైన కారణమే, దానికి మైలేజీ సాకు అక్కర్లేదు.

ఈసారి బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. విజయవాడ వెళ్లి రావడం మొత్తం 85 దాటకుండా నడిపి, అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఎంతొచ్చిందో నాకు రాయండి.